అచ్చుకు నోచుకోని యుద్ధనౌకల చరిత్ర

1971 డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి వేళ విశాఖపట్నం రేవు వెలుపల సముద్రంలో ఒక భారీ పేలుడు సంభవించింది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ తొంభైమందికి పైగా నావికులతో సహా అక్కడే మునిగిపోయింది. ఒక్కరు కూడా బ్రతికి బయటపడలేదు. మన డిస్ట్రాయర్ రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్ చార్జీలే ఇందుకు కారణమని మన నౌకాదళం మొదటినుంచీ చెబుతున్నది. తాను పరచిన మందుపాతరకు తానే బలి అయిందనీ, కాకుంటే లోపలే ఏదో పేలి ఉంటుందనీ పాకిస్తాన్ వాదన. రాజ్‌పుత్ పాత్రను గురించి సందేహాలు వెలిబుచ్చిన విశ్రాంత సేనానులు మన పక్షాన కూడా లేకపోలేదు. యాభై ఏళ్ళు దాటినా ఆ రాత్రి జరిగిందేమిటో రూఢిగా తేలలేదు.

ఇటువంటి వివాదాన్ని తీర్చగలిగినవి రెండే ఉంటాయి. ఒకటి మునిగిన ఓడ, రెండవది మిగిలిన కాగితం. మునిగిన ఓడ ఎక్కడికీ పోలేదు. 2024లో మన నౌకాదళం తన సరికొత్త లోతునీటి రక్షక వాహనంతో దాని శకలాలను గుర్తించిందని వార్త వచ్చింది. మృతుల సమాధిగా భావించి దానిని కదపలేదని కూడా తెలిసింది. సంస్కారవంతమైన నిర్ణయమే. ఇక కాగితం సంగతి. నౌకాదళ చరిత్ర రచనకు నియుక్తులైన వైస్ అడ్మిరల్ జి. ఎం. హీరానందాని ఘాజీకి సంబంధించిన పత్రాలకోసం విశాఖపట్నం కార్యస్థానానికి వ్రాయగా, ఎంత వెదకినా వాటిలో అనేకం దొరకలేదని 1998లో సమాధానం వచ్చినట్లు ఆ తరువాత పత్రికలు ప్రకటించాయి. అవి ఏనాడో ధ్వంసమైపోయాయన్న వార్త 2010లో బయటికి వచ్చింది. అడిగినవారు ఎవరో దారినపోయే పరిశోధక విద్యార్థి కాదు, నౌకాదళ ఉపాధిపతిగా పదవీ విరమణ చేసిన వ్యక్తి. ఆయనకే దొరకని కాగితం ఇంకెవరికి దొరుకుతుంది?

ఇందులో ఇంకొక వింత ఉన్నది. ఈ ఘాజీ పూర్వాశ్రమంలో అమెరికా నౌకాదళానికి చెందిన డయాబ్లో. 1964లో పాకిస్తాన్ దళంలో చేరింది. అమెరికా నౌకాదళం తన నౌకలన్నిటికీ ఒక మహానిఘంటువును తయారు చేసికొన్నది. మొదటి సంపుటం 1959లో, ఎనిమిదవ సంపుటం 1981లో వెలువడ్డాయి. విమానవాహక నౌక మొదలు రేవులో ఓడలను లాగే టగ్గు పడవ వరకు, ఎంత చిన్నదైనా సరే, అందులో దాని జాతకం ఉంటుంది. డయాబ్లోకు కూడా ఉన్నది. అనగా, మన గుమ్మంలో మరణించిన ఆ జలాంతర్గామి ఎక్కడ పుట్టిందో, ఏ సముద్రాలలో తిరిగిందో తెలుసుకోవాలంటే వాషింగ్టన్ చూడవచ్చు. ఎలా మరణించిందో తెలుసుకోవాలంటే మాత్రం విశాఖపట్నంలో కాగితం లేదు.

ఈ ప్రస్తావన తేవటానికి కారణం ఉన్నది. అటువంటి నిఘంటువునే భారత యుద్ధనౌకలకు ఒంటిచేతిమీద తయారుచేయాలని నలభై ఏళ్ళుగా పాటుపడుతున్న ఒక విశ్రాంత నౌకాదళ అధికారిని నేను ఎరుగుదును. కమాండర్ హోదాలో పదవీ విరమణ చేశారు. ఇంజనీరింగ్ శాఖవారు. వయస్సు ఎనభైకి చేరువలో ఉన్నది. ఉత్తర కోస్తాలోని ఒక పల్లెనుంచి వచ్చినవారు. 1971లో తూర్పు నౌకాదళంలో పాలుగారే సబ్-లెఫ్టినెంటు. ఇప్పుడు ఢిల్లీ శివారులో కాపురం. పేరు వ్రాయరాదని షరతు పెట్టారు గనుక కమాండరు గారనే వ్యవహరిస్తాను.

ఆయన ఇంట్లో ఒక గది నిండా అట్టపెట్టెలు. వాటినిండా కార్డులు. పూర్వం గ్రంథాలయాలలో సొరుగులు లాగి చూసే కార్డుల వంటివి. ప్రతి నౌకకు ఒక కట్ట. ఎక్కడ, ఏ సంవత్సరంలో నిర్మాణం మొదలైనది, ఎప్పుడు నీటిలోకి దింపారు, ఎవరెవరు కెప్టెనులుగా పనిచేశారు, ఏయే రేవులకు వెళ్ళింది, ఎక్కడ మరమ్మతులు జరిగాయి, బాయిలరు ఎప్పుడు పగిలింది, ఎవరు గాయపడ్డారు, చివరికి ఏ తుక్కు వ్యాపారి కొన్నాడు. ఇంజనీరు గనుక బాయిలర్ల ప్రస్తావన కాస్త ఎక్కువే ఉంటుంది. ఆ కార్డుల ఆధారంగా పదకొండు వందల పుటలు టైపు చేయించారు. అది ఇంతవరకు అచ్చుకాలేదు. అవుతుందన్న నమ్మకం కూడా ఆయనకు సన్నగిల్లుతున్నది. కుడికంటి చూపు దాదాపు పోయింది. ఎడమ కంటితో భూతద్దం పట్టుకొని చదువుతారు.

నౌకాదళం తన చరిత్రను అసలే పట్టించుకోలేదనటం అన్యాయమవుతుంది. మూడు దళాలలోనూ ఈ విషయంలో కొంత మెరుగైనది అదే. రియర్ అడ్మిరల్ సత్యీంద్ర సింగ్ 1945 నుంచి 1950 వరకు జరిగిన చరిత్రను 1986లోనూ, 1951 నుంచి 1965 వరకు జరిగినదానిని 1992లోనూ ప్రకటించారు. ఆ తరువాతి కాలాన్ని హీరానందాని చేపట్టి 1965 మొదలు 2000 వరకు మూడు సంపుటాలు వ్రాశారు. 2009లో ఆయన కన్నుమూశారు. ఆయన తరువాత కూడా ఈ పరంపర ఆగలేదు. ఇవి ఉపయోగపడే గ్రంథాలే. అయితే ఇవన్నీ దళం చరిత్రలు. ఏ సంవత్సరంలో ఏ విధానం రూపొందింది, రష్యానుంచి ఏమి కొన్నాము, బ్రిటను ఏమి ఇవ్వలేదు, ఏ అధిపతి ఏమి ఆలోచించాడు అన్నవి వాటిలో లభిస్తాయి. ఒక నౌక పుట్టి, పెరిగి, ముసలిదై, ముక్కలైపోయిన కథ వాటిలో లభించదు. అది ఆ గ్రంథాల ఉద్దేశమూ కాదు. జిల్లా గెజిటీరు చదివి ఊరి మనుషుల సంగతి తెలుసుకోగలమా?

నౌకకు జీవితచరిత్ర ఏమిటని కొందరికి తోచవచ్చు. ఆంగ్లంలో నౌకను స్త్రీలింగంలో చెబుతారని కళాశాలలో మాకు ఎంతో ఆశ్చర్యంగా బోధించేవారు. నిజానికి ఆ సౌకర్యం తెలుగుకు పుట్టుకతోనే ఉన్నది. మహతీవాచకానికీ అమహద్వాచకానికీ ఏకవచనంలో క్రియ ఒక్కటే గదా! 'వచ్చింది' అంటే అమ్మాయి వచ్చినట్లూ అవుతుంది, ఓడ వచ్చినట్లూ అవుతుంది. ఇది వ్యాకరణం ముచ్చట. అసలు విషయం ఏమంటే, రెండుమూడు వందలమంది మనుషులు ఇరవై, ముప్పై ఏళ్ళపాటు తరాలు మారుతూ ఒకే ఇనుప గోడల మధ్య బ్రతికిన చోటు అది. దానికి చరిత్ర ఉండితీరుతుంది. వ్రాయకపోతే పోతుంది, అంతే.

కమాండరు గారు చూపించిన కట్టలలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా పట్టినిలిపినది గోదావరి. ఆ పేరుతో రెండు యుద్ధనౌకలు ఉండేవని నాకు తెలియదు. మన పాఠకులలో కూడా చాలామందికి తెలియకపోవచ్చు. మొదటిది రాయల్ ఇండియన్ నేవీ కాలంనాటి స్లూప్. ఇంగ్లండులో నిర్మించగా 1943లో దళంలో చేరింది. దేశ విభజన జరిగినప్పుడు బల్లలూ కుర్చీలూ పంచుకొన్నట్లే నౌకలను కూడా పంచుకొన్నారు. ఆరు స్లూపులలో నాలుగు మనకు, రెండు పాకిస్తాన్‌కు వచ్చాయి. సట్లెజ్, జమున, కృష్ణ, కావేరి మనకు దక్కాయి. నర్మద, గోదావరి అటు వెళ్ళాయి. కృష్ణానది పేరును బ్రిటిషువారు తమ వర్ణక్రమంలో 'కిస్ట్నా' అని వ్రాసేవారు. స్వాతంత్ర్యానంతరం ఆ నౌకకు నది తన పేరు తాను తెచ్చుకొన్నది. గోదావరి మాత్రం కరాచీకి వెళ్ళి 'సింధ్' అయింది. సట్లెజ్ మనకు, గోదావరి వారికి వచ్చిన ఆ పంపకంలో భూగోళశాస్త్రం ఎంత తలక్రిందులైందో, అంతకంటె మనుషుల సంగతి మరింత తలక్రిందులైంది. అంతకు పూర్వం ఏడాదిన్నర కిందటనే, 1946 ఫిబ్రవరిలో, బొంబాయిలోనూ కరాచీలోనూ ఒకే తిరుగుబాటులో ఒకే జెండా క్రింద నిలిచిన నావికులు వారు.

రెండవ గోదావరి మన దేశంలో రూపకల్పన జరిగిన ఫ్రిగేటు. బొంబాయి మజగావ్ డాక్‌లో నిర్మించగా 1983 డిసెంబరులో దళంలో చేరింది. 1988 నవంబరులో మాల్దీవుల ప్రభుత్వాన్ని కూలదోయటానికి వచ్చిన కిరాయి సైనికులు తమ పథకం బెడిసికొట్టగా, బందీలను పట్టుకొని ప్రోగ్రెస్ లైట్ అనే సరుకుల ఓడలో శ్రీలంక వైపు పలాయనం చిత్తగించారు. వారిని నడిసముద్రంలో వెంబడించి పట్టినది ఈ గోదావరి, మరొక ఫ్రిగేటు బేత్వా. దక్షిణాసియా రాజకీయాలను గురించి వ్రాసేవారందరూ ఆ నాటి ఢిల్లీ నిర్ణయాన్ని ప్రస్తావిస్తారు. అయితే ఆ నౌకమీద ఉన్నవారు బందీలున్న ఓడపై కాల్పులు జరపాలా వద్దా అని ఎంతసేపు తర్జనభర్జన పడ్డారో, యంత్రశాలలో ఎంత వేగం పిండారో చెప్పేవారు అరుదు. కమాండరు గారి కార్డులమీద ఆ నౌకలో పనిచేసిన ముగ్గురు నావికులు చెప్పిన మాటలు ఉన్నాయి. వారిలో ఇద్దరు గతించారు. 2015 డిసెంబరులో గోదావరిని దళంనుంచి విరమింపజేసినప్పుడు ఒకటి రెండు ఆంగ్ల పత్రికలు నాలుగు వాక్యాలు వ్రాశాయి. గోదావరి గట్టున పుట్టిన మన భాషలో ఆ మాత్రం కూడా నా కంటబడలేదు.

మరి ఆ పదకొండు వందల పుటలు ఎందుకు అచ్చుకాలేదు?

దీనికి కమాండరు గారు చెప్పే జవాబు ఒకటి, నేను చెప్పే జవాబు మరొకటి. ఆయన చెప్పేది ముందు విన్నవిస్తాను. రచనలో కొంతభాగాన్ని అనుమతికోసం సంబంధిత కార్యాలయానికి పంపారు. పరిశీలనలో ఉన్నదని జవాబు వచ్చింది. ఏడాది తరువాత జ్ఞాపికగా మరొక లేఖ వ్రాస్తే, మొదటి లేఖ ప్రతిని జతచేయవలసినదని జవాబు వచ్చింది. జతచేశారు. ఈలోగా అధికారి మారారు. క్రొత్త అధికారి మర్యాదస్థుడు. టీ ఇచ్చి, యాభై ఏళ్ళనాటి సంగతులు కూడా నేటికీ సున్నితమైనవేనని చెప్పి సాగనంపారు. 1958 నాటి బాయిలరు పీడనం నేటి దేశభద్రతకు ఎలా ముప్పు తెస్తుందో తనకు అంతుబట్టలేదని కమాండరు గారు అంటారు. ఇక ప్రచురణకర్తలు. ఒకరు పదకొండు వందల పుటలను మూడు వందలకు కుదించి, వీరగాథలు మాత్రం ఉంచమన్నారు. మరొకరు ఐదు వందల ప్రతులు మీరే కొంటామని హామీ ఇవ్వమన్నారు. విశ్రాంతి వేతనం మీద బ్రతికే మనిషి ఆ మాట విని లేచి వచ్చేశారు.

ఈ అనుభవం ఆయనొక్కరిదే కాదు. ప్రభుత్వం స్వయంగా వ్రాయించిన చరిత్రలకే దిక్కులేని పరిస్థితి చాలాకాలం ఉండేది. 1962, 1965, 1971 యుద్ధాల అధికార చరిత్రలు 1992 నాటికి సిద్ధమైనా అలమారులలోనే ఉండిపోయాయి. 2000లో ఒక ఆంగ్ల దినపత్రిక వాటిని సంపాదించి బయటపెట్టింది. రహస్యం బజారున పడిన తరువాత కూడా 1971 యుద్ధ చరిత్ర పుస్తకరూపంలో రావటానికి మరొక దశాబ్దం పైన పట్టింది. 1962 పరాజయంపై హెండర్సన్ బ్రూక్స్, భగత్ సమర్పించిన నివేదికను బయటపెట్టాలని ఎన్నిసార్లు అడిగినా, దానికి నేటికీ సైనిక ప్రాధాన్యం ఉన్నదని 2010లో నాటి రక్షణమంత్రి ఆంటోనీ పార్లమెంటుకు జవాబిచ్చారు. ప్రతిపక్షంలో ఉండగా దానిని ప్రకటించాలని కోరిన పార్టీ అధికారంలోకి వచ్చిన తరువాత అదే పాట పాడింది. ఈ విషయంలో మన పార్టీలమధ్య ఉన్న ఏకాభిప్రాయం మరే విషయంలోనూ కనిపించదు. 2024 జనవరిలో వెలువడవలసిన మాజీ సైన్యాధ్యక్షుడు జనరల్ నరవణే స్వీయచరిత్ర అధికారుల పరిశీలన పేరిట ఆగిపోయిన సంగతి పాఠకులకు తెలిసినదే. నాలుగు నక్షత్రాల సేనాధిపతి పుస్తకానికే ఆ గతి పట్టగా, కమాండరు గారి బాయిలర్లు ఏపాటి?

ఇంతవరకు ఆయన పక్షం. ఇప్పుడు నా జవాబు. తప్పు పూర్తిగా ఇతరులదే అని నేను అనలేను. ఆయనకు ఒక పట్టుదల ఉన్నది. ఖాళీలున్న కార్డును అచ్చుకు ఇవ్వరు. రాజ్‌పుత్ కార్డు తీసికొందాం. 1942లో బ్రిటిషు నౌక రాథరమ్‌గా నీటిలో దిగింది. 1949లో మనకు వచ్చింది. 1976లో తుక్కుకు వెళ్ళింది. 1971 డిసెంబరులో విక్రాంత్ అండమాన్ ప్రాంతంలో దాగి ఉండగా, ఈ ముసలి డిస్ట్రాయర్ చేత విశాఖ నుంచి విక్రాంత్ సంకేతాలు పంపించి శత్రువును మభ్యపెట్టినట్లు నాటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ 1980లో ప్రకటించిన తమ గ్రంథంలో వ్రాశారు. ఇవన్నీ కార్డుమీద ఉన్నాయి. డిసెంబరు 3వ తేదీ రాత్రి పదకొండున్నర నుంచి ఒంటిగంట వరకు అని వ్రాసి, దానికెదురుగా ఏమీ వ్రాయకుండా వదిలారు. ఆ రాత్రి లాగ్‌బుక్కు చూస్తే తప్ప అక్కడ కలం పెట్టరు. పుస్తకాలలో ఉన్నది ఎక్కించవచ్చు గదా అంటే, 'అవి తరువాత తలచుకొని వ్రాసినవండీ. లాగ్‌బుక్కు అయితే అప్పటికప్పుడు వ్రాసినది. రెండూ ఒకటి కాదు' అన్నారు.

ఆయన మాటలో సత్యం లేకపోలేదు. నౌక కదిలినా కదలకపోయినా, గాలి ఎటు వీస్తున్నది, దిశ ఏమిటి, వేగం ఎంత, ఎన్ని గంటలకు ఏ ఉత్తరువు అందినది అన్నవి పహరా అధికారి గంట గంటకూ లాగ్‌బుక్కులో నమోదు చేస్తాడు. దానిని మించిన సాక్ష్యం లేదు. బ్రిటన్‌లో శతాబ్దాల నాటి లాగ్‌బుక్కులను క్యూ లోని ఆర్కైవ్స్‌కు వెళ్ళి ఎవరైనా తెప్పించుకొని చదువుకోవచ్చు. మన దగ్గర ఏ నౌకది ఉన్నది, ఏ నౌకది కాలగర్భంలో కలిసినది అన్న పట్టిక బయటివారికి దొరకదు. ఉన్నదో లేదో తెలియని కాగితం కోసం ఒక మనిషి తన చేతిలో ఉన్న వేయి పుటలను ఆపి కూర్చోవటం నా దృష్టిలో సరికాదు. ఖాళీలతోనే అచ్చువేయండి, ఖాళీని చూసి సిగ్గుపడవలసినవారు సిగ్గుపడతారని నేను చెప్పి చూశాను. ఆయన నవ్వి ఊరుకొన్నారు. ఇంజనీర్లతో వాదించి గెలవటం కష్టం.

కాగితాన్ని కాపాడనివారు ఇనుమును కాపాడతారని ఆశించటం అత్యాశే అవుతుంది. 1961లో దళంలో చేరి 1971 యుద్ధంలో బంగాళాఖాతాన్ని శాసించిన విక్రాంత్ 1997లో విశ్రాంతి పొందింది. కొంతకాలం ముంబయిలో ప్రదర్శనశాలగా ఉన్నది. 2014లో వేలానికి వెళ్ళింది. ముక్కలు చేసిన లోహంలో కొంత కరిగి 2016లో మోటారు సైకిళ్ళ టాంకులలోకి ఎక్కింది. విరాట్‌ను విశాఖలో ప్రదర్శనశాలగా మార్చాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకప్పుడు ఉత్సాహం చూపించింది. మహారాష్ట్ర కూడా చూపించింది. లెక్కలు కుదరలేదు. తనకు తాను ఖర్చు భరించుకోగల ప్రతిపాదన ఏదీ రాలేదని 2019లో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పి చేతులు కడుక్కున్నది. 2020లో అది అలంగ్ తీరానికి చేరింది. అంతకు ముందు తరానికి చెందిన క్రూయిజర్ ఢిల్లీ కథ మరొకటి. 1939లో అకిలీస్ అనే పేరుతో జర్మనీ గ్రాఫ్ స్పేతో పోరాడిన నౌక అది. 1948లో మనకు వచ్చింది. 1950లో నెహ్రూను ఇండోనేషియా తీసికొని వెళ్ళింది. 1956 నాటి ఆంగ్ల చలనచిత్రంలో తన పాత్రను తానే ధరించింది. 1961లో డయ్యూపై ఫిరంగులు పేల్చింది. 1978లో విరమించిన తరువాత దాని ఫిరంగి టరెట్ ఒకటి నేడు ఎక్కడ ఉన్నదంటే న్యూజిలాండులోని ఆక్లండు నౌకాస్థావరంలో ఉన్నది. అకిలీస్‌పై ఒకప్పుడు తమ నావికులు పనిచేశారని వారు దానిని భద్రపరచుకొన్నారు. ముప్పై ఏళ్ళు ఆ నౌకను నడిపినవాళ్ళం మనం.

విశాఖపట్నం ఈ విషయంలో కొంత నయం. 1969లో దళంలో చేరి 2001లో విరమించిన కుర్సురా జలాంతర్గామిని రామకృష్ణా బీచిలో ఒడ్డున నిలబెట్టి 2002 నుంచి ప్రజలకు చూపిస్తున్నారు. అక్కడ లోపలికి తీసికొని వెళ్ళి వివరించేవారు విశ్రాంత నావికులే. వారు నోటితో చెప్పేది వింటే, అచ్చులో లేనిది ఎంత ఉన్నదో అర్థమవుతుంది. 2021 డిసెంబరులో విశాఖలోనే విశ్రాంతి పొందిన రెండవ ఖుక్రీని డయ్యూకు తరలించి అక్కడ ప్రదర్శనశాల చేశారు. మొదటి ఖుక్రీ 1971 డిసెంబరు 9న ఆ తీరానికి ఎదురుగా పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ దాడికి మునిగింది. 18మంది అధికారులు, 176మంది నావికులు అందులో మరణించారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను విడిచిపెట్టకుండా దానితోనే వెళ్ళారు. ఆయన పేరు అందరికీ తెలుసు, తెలియవలసినదే. తక్కిన 193మంది పేర్లను కమాండరు గారు విడివిడిగా కార్డులమీద వ్రాసి, ఊరు, వయస్సు తెలిసినంతవరకు చేర్చారు. ఆ కట్ట ఒక్కటే ఒక అరలో వేరుగా ఉంటుంది.

2021 జూన్‌లో రక్షణ మంత్రిత్వశాఖ యుద్ధ చరిత్రల విషయంలో ఒక విధానాన్ని ప్రకటించింది. యుద్ధమో, సైనికచర్యో ముగిసిన రెండేళ్ళలోగా ఒక సంఘం ఏర్పాటు కావాలి. తరువాత మూడేళ్ళలో రికార్డులు సేకరించి చరిత్ర తయారు చేయాలి. రికార్డులను సాధారణంగా 25 ఏళ్ళకు బహిర్గతం చేయాలి. కార్గిల్ సమీక్షా సంఘానికి అధ్యక్షత వహించిన కె. సుబ్రహ్మణ్యం, ఆ తరువాత ఎన్. ఎన్. వోహ్రా చేసిన సిఫార్సుల మీద ఇరవై ఏళ్ళకు కదిలిన బండి ఇది. ఆలస్యమైనా మంచిదేనని అందరూ అన్నారు, నేనూ అన్నాను. కాని దాని పరిధి యుద్ధాలు, సైనికచర్యలు. ముప్పై ఏళ్ళు సముద్రంలో తిరిగి ఒక్క గుండు కూడా పేల్చకుండా ముసలిదైన నౌక ఈ విధానానికి కనబడదు. 1964లో విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డులో తయారై మన తీరజలాలను కొలిచి పటాలు గీసిన దర్శక్ వంటి నౌక ఏ యుద్ధచరిత్రలో దూరుతుంది? పైగా, తయారైన చరిత్ర మొదట అంతర్గత వినియోగానికి మాత్రమే. ప్రజలకు ఇవ్వాలా వద్దా అన్నది తరువాతి మాట. వెనుకటి అలమారుకు క్రొత్త తాళం వేసినట్లు కాకూడదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ప్రకారం ప్రభుత్వ పత్రాలను ఇష్టం వచ్చినట్లు తగులబెట్టటానికి వీల్లేదు. 2005 నాటి సమాచారహక్కు చట్టం ఇరవై ఏళ్ళు దాటిన సంగతులకు, కొన్ని మినహాయింపులతో, తలుపు తెరిచింది. ఆ మినహాయింపులలో దేశభద్రత మొదటిది గనుక తెరిచిన తలుపుకు గొలుసు అలాగే ఉన్నది. పార్లమెంటు పట్టించుకొంటుందా అంటే, రక్షణ పద్దులమీద చర్చ జరగటమే అపురూపమైపోయింది. 2018లోనూ 2023లోనూ పద్దులన్నీ చర్చ లేకుండానే గిలెటిన్ క్రింద నెగ్గిపోయాయి. లక్షల కోట్ల రూపాయల పద్దుకే నోరు మెదపని సభ లాగ్‌బుక్కులకోసం లేచి నిలబడుతుందని ఆశించటం నా వృత్తిలో ఉన్నవాడికి తగదు. అయినా అడగక తప్పదు.

ఇందుకు కోట్లు అక్కరలేదు. దళంనుంచి విరమించిన ప్రతి నౌక లాగ్‌బుక్కులు ఎక్కడ ఉన్నాయో ఒక పట్టిక వేయాలి. పోయినవి పోయాయని నిజాయితీగా వ్రాయాలి. 25 ఏళ్ళు దాటినవాటిని నేషనల్ ఆర్కైవ్స్‌కు అప్పగించాలి. విశాఖలో సముద్రానికి ఎదురుగా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉన్నది. ఆ కొండ దిగితే తూర్పు నౌకాదళ కార్యస్థానం ఉన్నది. చరిత్ర శాఖ నుంచి ఇద్దరు పరిశోధకులను, దళం నుంచి ఒక విశ్రాంత అధికారిని కూర్చోబెడితే నిఘంటువు పని మొదలవుతుంది. పునాదికి పదకొండు వందల పుటలు సిద్ధంగా ఉన్నాయి. ఆ కార్డులను సంస్థ ఏదైనా బాధ్యతగా తీసికొంటే ఇవ్వటానికి సమ్మతమేనా అని కమాండరు గారిని అడిగాను. రసీదు ఇచ్చేవారికైతే ఇస్తానన్నారు. ఆయన పిల్లలు విదేశాలలో ఉన్నారు. పెద్దల తదనంతరం ఢిల్లీ ఫ్లాట్లలో పాత కాగితాల గతి ఏమవుతుందో ఈ నగరంలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. కిలో లెక్కన పోతాయి.

ప్రభుత్వాన్ని కదిలించటానికి ముందుగా చేయదగిన పని ఒకటి ఉన్నది. విశాఖపట్నం నుంచో, కాకినాడ నుంచో, తీరప్రాంతపు మరే నియోజకవర్గం నుంచో వచ్చిన సభ్యులు ఎవరైనా రక్షణమంత్రికి ఒక లిఖితపూర్వక ప్రశ్న వేయవచ్చు. 1947 తరువాత విరమించిన యుద్ధనౌకలు ఎన్ని, వాటిలో ఎన్నిటి లాగ్‌బుక్కులు భద్రంగా ఉన్నాయి, 1971 డిసెంబరు 3, 4 తేదీల రాజ్‌పుత్ లాగ్‌బుక్కు వాటిలో ఉన్నదా, లేకుంటే ఎవరి ఉత్తరువుపై ఏ తేదీన ధ్వంసమైనది? నోటీసు పదిహేను రోజుల ముందు ఇస్తే చాలు.